కీళ్ల డాక్టర్లకు బహిరంగ లేఖ: మా పేగుల గురించి కూడా ఒక్క మాట అడగండి

గౌరవనీయులైన కీళ్లవాత నిపుణులకు,

నమస్కారం.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడిచేసే కీళ్లవాతం, ఉందని తేలి 11 ఏళ్లయింది. జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ అనే మందు వారానికోసారి వేసుకుంటాను. ఆ రోజును క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకుంటాను. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని మీలో ఒకరు మొదటి రోజే నా చేత మూడుసార్లు అనిపించారు. ఆ శ్రద్ధను నేను మర్చిపోలేదు. ఇవాళ నా చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటున్నానంటే అది మీ వైద్యం పుణ్యమే. అందుకే దీన్ని ఫిర్యాదుగా చదవకండి. మీ మీద నమ్మకం ఉన్న మనిషి అడుగుతున్న మాటగా చదవండి.

అడగదలచింది ఒక్కటే. మా కీళ్లు చూసేటప్పుడు మా పేగుల సంగతి కూడా అడగండి. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం గురించి ఇప్పటిదాకా తెలిసిందేదో, తేలనిదేదో మాకు మీ నోటితో చెప్పండి.

జబ్బు మొదలైన రోజుల్లో పొద్దున్న లేచేసరికి నా చేతులు నావి కానట్టు ఉండేవి. పిడికిలి బిగిద్దామంటే వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోయేవి. టూత్‌పేస్టు మూత తియ్యడానికి దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తిప్పేవాణ్ణి. గంటన్నర గడిస్తే గానీ వేళ్లు నా మాట వినేవి కావు. ఆ బిగుసుకుపోవడం ఎన్ని నిమిషాలు ఉంటోందో మీరు అడిగి రాసుకుంటారు. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ, ఈ జబ్బు తాలూకు యాంటీబాడీలను వెతికే యాంటీ సీసీపీ రక్తపరీక్షలు చూస్తారు. భుజాల నుంచి మోకాళ్ల దాకా 28 కీళ్లు ఒక్కొక్కటీ నొక్కి, వాపు ఎక్కడుందో నొప్పి ఎక్కడుందో లెక్క కడతారు. అంత ఓపికగా చూసే పరీక్ష అది.

నాకు కీళ్లు పట్టుకోవడానికి ముందు ఏడాదంతా పొట్ట బాగుండలేదు. ఏదో ఇన్ఫెక్షన్ అని వరసగా మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడాను. ఆ తర్వాత నెలల తరబడి ఉబ్బరం, రెండు రోజులకోసారి విరేచనాలు. మొదటిసారి వచ్చినప్పుడే ఇది చెప్పబోయాను. "అది వేరే డిపార్ట్‌మెంటండీ, మనం కీళ్ల సంగతి చూద్దాం" అన్నారు డాక్టరుగారు. మర్యాదగానే అన్నారు. తలుపు బయట ఎంతమంది కూర్చున్నారో నేనూ చూశాను కాబట్టి నాకు తప్పనిపించలేదు. కానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు నా ఫైలు పట్టుకుంటే చెయ్యి నిండుతుంది. అందులో పేగు అనే మాట ఒక్క కాగితం మీద కూడా లేదు.

నా పొట్ట చెడడం వల్లే నాకు కీళ్లవాతం వచ్చిందని నేను అనడం లేదు. ఒక మనిషి కథ రుజువు కాదని తెలుసు. యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడినవాళ్లలో ఈ జబ్బు కాస్త ఎక్కువగా కనిపించిందని బ్రిటన్ రికార్డుల ఆధారంగా 2019లో ఒక అధ్యయనం వచ్చింది. కానీ తప్పు మందుదా, మందు వాడాల్సి వచ్చిన ఇన్ఫెక్షన్‌దా అన్నది అందులో విడదీయడం కష్టం. నా విషయంలో అయితే అసలే తేలదు. నా బాధల్లా, నాలాంటి కొన్ని వేలమంది ఫైళ్లలో ఆ వివరం రాసి ఉంటే రేపు ఎవరైనా లెక్కపెట్టి చూసేవాళ్లు కదా అని.

ఆ ప్రశ్న అడిగితే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. వెయిటింగ్ హాల్లో నా పక్కన పాతికేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. కుడి మోకాలు ఎడమదానికి రెండింతలుంది. ప్యాంటు తొడ దాకా మడిచి, కాలు ఎదురు కుర్చీ మీద చాపుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేక అనుకున్నాను. దెబ్బ తగిలిందా బాబూ అంటే లేదండీ అన్నాడు. అప్పటికి రెండు చోట్ల చూపించుకున్నాడట. ఒకచోట ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, ఇంకోచోట లిగమెంటు అన్నారు. లోపలికి వెళ్లి పావుగంటలో బయటికి వచ్చాడు. "డాక్టరుగారు మోకాలు చూడగానే ఈ మధ్య విరేచనాలు అయ్యాయా అని అడిగారండీ" అన్నాడు, ఇంకా ఆశ్చర్యపోతూనే. మూడు వారాల కిందట నాలుగు రోజులు రక్తవిరేచనాలయ్యాయి. తగ్గిపోయాయి కదా అని ఎవరికీ చెప్పలేదు. మోకాలికీ దానికీ ముడి ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఆ ముడి మీకు కొత్త కాదు. సాల్మొనెల్లా, షిగెల్లా, యెర్సీనియా, కాంపిలోబాక్టర్ లాంటివి పేగుల్లో ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టాక, ఒకటి నుంచి నాలుగు వారాల్లో కొందరికి మోకాళ్లు, చీలమండలు వాచిపోతాయి. కళ్లు కూడా ఎర్రబడొచ్చు. రియాక్టివ్ ఆర్థరైటిస్ అంటారు. ఆ కీలులోంచి నీరు తీసి ల్యాబ్‌లో పెంచి చూస్తే మామూలుగా ఏ క్రిమీ మొలవదు. కానీ 1989లో యెర్సీనియా తర్వాత కీళ్లు వాచినవాళ్ల కీలునీటి కణాల్లో ఆ బ్యాక్టీరియా తునకలు దొరికాయి. బతికిన క్రిమి అక్కడ లేదు, దాని ముక్కలున్నాయి. పేగులో జరిగిన యుద్ధం తాలూకు శకలాలు అంత దూరం, మోకాలి దాకా వచ్చిపడ్డాయన్నమాట. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఇది రోగం తెచ్చే క్రిముల సంగతి. మరి ఎప్పుడూ మనతోనే ఉండే మామూలు బ్యాక్టీరియా మాటేమిటి? మనిషి ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన అంచనా. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. వెన్నెముక బిగుసుకుపోయే జబ్బుతో బాగా ముడిపడిన హెచ్ఎల్ఏ బీ27 జన్యువును ఎలుకల్లో పెడితే వాటికి పేగులూ కీళ్లూ రెండూ వాస్తాయి. అవే ఎలుకల్ని ఏ సూక్ష్మజీవీ సోకని గదుల్లో పుట్టించి పెంచితే పేగు జబ్బూ రాలేదు, కీళ్ల జబ్బూ రాలేదు. 1994లో వచ్చిన ఫలితం ఇది. జన్యువు ఒక్కటే చాలలేదు. ఇక మనుషుల్లో చూస్తే, వెన్ను బిగుసుకుపోయే ఈ కోవకు చెందిన జబ్బులున్నవాళ్లలో ఇంచుమించు సగం మందికి, పొట్టలో ఏ బాధా లేకపోయినా, పేగు ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితే వాపు కనిపిస్తుందని బెల్జియం డాక్టర్లు ఏళ్ల కిందటే చూపించారు.

నా జబ్బు విషయానికి వస్తే సంగతి ఇంత సూటిగా లేదు. అలాగని ఖాళీగానూ లేదు. ఒకే రూపు కవలల్లో ఒకరికి రుమటాయిడ్ ఉంటే రెండోవారికి వచ్చేది 15 శాతం మందిలోనే. జన్యువులన్నీ ఒకటే అయినా మిగతా 85 శాతం తప్పించుకుంటున్నారంటే బయటి నుంచి వచ్చి చేరేదేదో ఉంది. పొగతాగడం అందులో ఒకటని మీరే చెబుతారు. పేగు బ్యాక్టీరియా ఇంకొకటి కావచ్చన్న అనుమానానికి 2013లో బలం వచ్చింది. న్యూయార్క్‌లో జోస్ షెర్, డాన్ లిట్‌మన్ బృందం 114 మంది మలాన్ని పరీక్షించింది. జబ్బు కొత్తగా వచ్చి ఇంకా మందులు మొదలుపెట్టని 44 మందిలో 75 శాతం మందికి ప్రివొటెల్లా కొప్రై అనే బ్యాక్టీరియా ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది 21 శాతం మందికే ఉంది. తర్వాత స్విట్జర్లాండ్‌లో, జబ్బు ఇంకా రాకుండా వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లలో కూడా ఆ జాతి పెరిగి ఉండటం చూశారు.

ఇక్కడ నేను ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి లేఖ చదివి ఎవరో ఒకరు రేపే మలం పరీక్షకి పరిగెత్తుతారు. ప్రపంచంలో కోట్లమంది ఆరోగ్యవంతుల పేగుల్లో ఆ ప్రివొటెల్లా హాయిగా ఉంటోంది. మొక్కల ఆహారం ఎక్కువ తినేవాళ్లలో ఇంకా ఎక్కువ. పేరు ఒకటే అయినా దానిలో రకాలు చాలా ఉన్నాయి. ఫలానా బ్యాక్టీరియా ఉంది కాబట్టి నీకు కీళ్లవాతం వస్తుందని ఎవరైనా అంటే అది అబద్ధం. పైగా ఒంట్లో వాపు ఉండటం వల్లే పేగులో బ్యాక్టీరియా మారిపోయి ఉండొచ్చు కూడా.

ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికే ఎలుకల మీద ప్రయోగాలు. కీళ్లవాతం వచ్చే ఒక జాతి ఎలుకల్ని క్రిములు లేని చోట పెంచితే జబ్బు బాగా తగ్గిపోయింది. వాటి పేగుల్లోకి దారంలా పొడుగ్గా ఉండే ఒకే ఒక్క రకం బ్యాక్టీరియాను ఎక్కించగానే మళ్లీ కీళ్లు వాచాయి. ఆ బ్యాక్టీరియా పేగు గోడకు అతుక్కుని, వాపును రెచ్చగొట్టే టీహెచ్17 కణాలను తయారుచేయించింది. ఇది 2010 నాటి సంగతి. 2022లో కొలరాడో పరిశోధకులు ఎదురువైపు నుంచి వచ్చారు. జబ్బు వచ్చేలా ఉన్నవాళ్ల రక్తకణాల నుంచి యాంటీబాడీలు తీసి, అవి ఏ పేగు బ్యాక్టీరియాను పట్టుకుంటాయో వెతికారు. అలా దొరికినవాటిలోంచి సబ్‌డోలిగ్రాన్యులమ్ ప్రజాతికి చెందిన ఒకదాన్ని వేరుచేసి, క్రిములు లేని ఎలుకలకు ఎక్కించారు. వేరే ఏ రెచ్చగొట్టుడూ లేకుండానే వాటి పాదాలు వాచాయి. ఎలుక మనిషి కాదు, నిజమే. అయినా మనిషి ఒంట్లోంచి తీసిన బ్యాక్టీరియా, మనిషి యాంటీబాడీ పట్టిచ్చిన బ్యాక్టీరియా, ఎలుకకి కీళ్లు వాచేలా చేసిందంటే దాన్ని పక్కన పెట్టి కూర్చోలేం.

దారి ఎలా పడుతుందో కూడా కొంత తెలిసింది. నాలాంటివాళ్లకి మీరు ఇది చెప్పగలిగితే ఎంత బాగుంటుందో. పేగు లోపలి గోడ ఒక్క కణం మందమే. మూడు నుంచి అయిదు రోజులకోసారి ఆ పొరంతా కొత్తగా పుడుతుంది. పక్కపక్క కణాలను కుట్లు వేసినట్టు కొన్ని ప్రొటీన్లు పట్టి ఉంచుతాయి. ఆ గోడకు ఇవతలే మన రోగనిరోధక కణాల పెద్ద శిబిరం ఉంది. ఎవరితో పోరాడాలో, ఎవరిని చూసీ చూడనట్టు వదిలెయ్యాలో అవి నేర్చుకునే చోటు అది. మనం తిన్న పీచును బ్యాక్టీరియా పులియబెడితే బ్యూటిరేట్ లాంటి చిన్న ఆమ్లాలు వస్తాయి. పేగు కణాలకు తిండి అదే. రోగనిరోధక కణాల్లో సర్దిచెప్పే రకాన్ని పెంచేదీ అదే. పీచు తగ్గి, బ్యాక్టీరియా సమతుల్యం చెడితే ఆ కుట్లు వదులవుతాయి. కుట్లు వదులు చేసే జోనులిన్ అనే ప్రొటీన్ మీద 2020లో జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు పనిచేశారు. ఎలుకల్లో కీళ్లు వాయడానికి ముందే పేగు గోడ కారడం మొదలైంది. కుట్లు బిగించే మందు ముందుగా ఇస్తే ఎలుకల కీళ్ల వాపు తగ్గింది. నోటి సంగతి కూడా ఇలాంటిదే. చిగుళ్ల జబ్బు తెచ్చే ఒక బ్యాక్టీరియా దగ్గర, మీరు యాంటీ సీసీపీ పరీక్షలో వెతికే యాంటీబాడీలు గురిపెట్టే మార్పును ప్రొటీన్లలో తెచ్చే ఎంజైము ఉంది. ఆ యాంటీబాడీలు కీళ్లు వాయడానికి ఏళ్ల ముందే రక్తంలో కనిపిస్తాయి. అంటే గొడవ మొదలయ్యేది కీలులో కాకపోవచ్చు. మరి మేం మీ దగ్గరికి వచ్చాక మాటలన్నీ కీలు చుట్టూనే ఎందుకు తిరగాలి?

మీలో కొందరు దీన్ని అనుమానంగా చూస్తారు, దానికి మంచి కారణం ఉంది. 20వ శతాబ్దం మొదట్లో లండన్ సర్జన్ సర్ విలియమ్ అర్బత్‌నాట్ లేన్ పేగులో కుళ్లే విషాలే సగం జబ్బులకు మూలమని నమ్మి, కీళ్లవాతం ఉన్నవాళ్లతో సహా ఎంతోమందికి పెద్దపేగు కోసి తీసేశారు. ఆ రోజుల్లోనే దాగి ఉన్న ఇన్ఫెక్షన్ పేరుతో బాగున్న పళ్లు కూడా వరసగా పీకేసేవాళ్లు. ఆ రోగుల గురించి తలుచుకుంటే నాకు కడుపు దేవినట్టవుతుంది. ఒక మంచి అనుమానం రుజువు లేకుండా కత్తిదాకా పోతే ఏమవుతుందో అది.

కానీ అదే అనుమానం ఒక మంచి పని కూడా చేసింది. స్వీడన్‌లో నాన్నా స్వార్ట్స్ అని ఒక డాక్టరమ్మ ఉండేవారు. ఆ దేశంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైన మొదటి మహిళ, 1937లో. రుమటాయిడ్‌కి బ్యాక్టీరియా కారణమై ఉండొచ్చని నమ్మి, బ్యాక్టీరియాను ఆపే సల్ఫా మందునూ, వాపు తగ్గించే సాలిసిలేట్‌నూ ఒకే అణువులో కలిపించారు. అదే సల్ఫాసలజీన్. ఇవాళ్టికీ మీరు మాకు రాస్తున్న మాత్ర. మధ్యలో కొన్నాళ్లు కీళ్ల విషయంలో దాన్ని పట్టించుకోలేదు. 1970ల చివర్లో బ్రిటన్‌లో మళ్లీ వాడి చూశారు, పనిచేసింది. నన్ను కదిలించే విషయం ఇంకొకటుంది. ఆ మాత్రలోని రెండు ముక్కలను విడదీసేది మన ఒళ్లు కాదు, పెద్దపేగులోని బ్యాక్టీరియా. నేను రెండేళ్లు ఆ మాత్ర వేసుకున్నాను. అది నా లోపల ఎవరి చేతుల మీదుగా పనిచేస్తోందో నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, విసుగొచ్చి మానేసిన ఆ మూడు నెలలు మానేసేవాణ్ణి కాదేమో.

మెథోట్రెక్సేట్ సంగతి కూడా ఆ దారిలోనే నడుస్తోంది. ఈ మందు ఒక్కటే ఇస్తే సరిపడినంత గుణం కనిపించనివాళ్లు చాలామంది ఉన్నారని మీకు తెలుసు. గుణం లేదని తెలియడానికి మాకు మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ నెలల్లో కీలు అరిగేది అరుగుతూనే ఉంటుంది. 2021లో వచ్చిన ఒక అధ్యయనంలో, జబ్బు కొత్తగా వచ్చినవాళ్ల మలంలోని బ్యాక్టీరియా జన్యువులను మందు మొదలుపెట్టకముందే చూసి, ఎవరికి మందు పట్టదో చాలావరకు ముందే చెప్పగలిగారు. మలం నమూనాలో మందు కలిపి ఉంచితే ఎంత మిగిలిందన్నదానికీ, ఆ మనిషికి ఎంత గుణం కనిపించిందన్నదానికీ పొంతన కుదిరింది. చిన్న అధ్యయనం, పెద్ద ఎత్తున సరిచూడాలి. కానీ ఆ మూడు నాలుగు నెలలు మంచం మీద గడిపినవాళ్లను అడగండి, ఈ పరిశోధన ఎంత తొందరగా కావాలో చెబుతారు.

పెయిన్ కిల్లర్ల గురించి కూడా ఒక మాట. మాలో చాలామంది మీరు రాసిన మోతాదు కంటే ఎక్కువ మింగుతాం. ఫంక్షన్ ఉందనో, ప్రయాణం ఉందనో, నిద్ర పట్టలేదనో. మీకు చెప్పం. ఆ మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయని కొంచెం తెలుసు, గ్యాస్ మాత్ర కలిపి వేసుకుంటే సరిపోతుందనుకుంటాం. కానీ అవి చిన్నపేగు గోడను కూడా గాయపరుస్తాయనీ, అక్కడి కుట్లు వదులయ్యేలా చేస్తాయనీ, గ్యాస్ మాత్ర అక్కడ కాపాడదనీ మాలో ఎంతమందికి తెలుసు? కీళ్ల కోసం వేసుకునే మాత్ర, ఈ జబ్బులో పాత్ర ఉండొచ్చనుకుంటున్న గోడనే దెబ్బతీస్తుంటే మాకు చెప్పాల్సిన విషయం కాదా?

మీరు మాట్లాడకపోతే ఏం జరుగుతోందో చెబుతాను. మాట్లాడేవాళ్లు వేరే ఉన్నారు. వేళ్లు వంగక రాత్రి మూడింటికి ఫోను పట్టుకుని కూర్చున్న మనిషికి, పేగు శుభ్రం చేస్తే కీళ్లవాతం 40 రోజుల్లో పోతుందని చెప్పే వీడియో కనిపిస్తుంది. వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఒక చెంచా ఉంటుంది, అందుకే నమ్మబుద్ధి వేస్తుంది. పేగు బ్యాక్టీరియా అంటారు, గోడ కారడం అంటారు, అధ్యయనాల పేర్లు కూడా చెబుతారు. చివర్లో డబ్బా చూపించి, ఇది మొదలుపెట్టాక ఇంగ్లీషు మందులు ఆపెయ్యండి అంటారు. మెథోట్రెక్సేట్ ఆపేసినవాళ్లను నేను చూశాను. నాకు తెలిసిన ఒకావిడ ఆరు నెలలు ఆపేశారు. తిరిగి వచ్చేసరికి చిటికెనవేలు పక్కకి వంగిపోయింది. అది ఇక నిటారు కాదు. ఆవిడ తెలివితక్కువ మనిషి కాదు. తన పొట్ట గురించి ఎవరో ఒకరు శ్రద్ధగా మాట్లాడటం ఆవిడకి అదే మొదటిసారి.

ఆ వీడియోల్లో చెప్పని కథ డెన్మార్క్‌ది. ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగులోకి ఎక్కిస్తే సోరియాటిక్ ఆర్థరైటిస్ (సోరియాసిస్ అనే చర్మవ్యాధితో ముడిపడిన కీళ్లవాతం) తగ్గుతుందేమోనని 31 మంది మీద పద్ధతిగా పరీక్షించారు, 2021లో ఫలితం వచ్చింది. నిజంగా ఎక్కించిన 15 మందిలో 9 మందికి వైద్యం విఫలమైంది. ఎక్కించినట్టు నటించిన 16 మందిలో విఫలమైంది ముగ్గురికే. అంటే చెయ్యనివాళ్లే మెరుగ్గా ఉన్నారు. ఈ ఒక్క కథ మీరు మా ఎదురుగా కూర్చుని రెండు నిమిషాలు చెబితే, ఎంతమంది డబ్బాలు కొనకుండా ఆగుతారో. ఇంకోపక్క 1991లో నార్వేలో 53 మందితో చేసిన ప్రయోగం ఉంది. వైద్యుల పర్యవేక్షణలో వారం పది రోజుల ఉపవాసం, ఆపైన ఏడాది పాటు శాకాహారం పాటించినవాళ్లకు నొప్పి, వాపు తగ్గాయి. గుణం కనిపించినవాళ్ల మలంలోని బ్యాక్టీరియాలో మార్పు కూడా కనిపించిందని ఆ తర్వాత రాశారు. ఎవరు ఏం తింటున్నారో వాళ్లకే తెలుస్తుంది కాబట్టి అలాంటి ప్రయోగాన్ని మాత్రల ప్రయోగంలా నమ్మలేమని మీరంటారు. అనండి, అది కూడా మాకు చెప్పండి. మేం అర్థం చేసుకోగలం.

అరుగుదల కీళ్లనొప్పుల గురించి ఎక్కువ రాయను, అది నా జబ్బు కాదు. 2019లో నెదర్లాండ్స్‌లో పేగులో స్ట్రెప్టోకాకస్ జాతులు ఎక్కువగా ఉన్నవాళ్లకు మోకాలి నొప్పి ఎక్కువగా ఉన్నట్టు చూశారు, అంతవరకే ప్రస్తావిస్తాను.

ఇక మిమ్మల్ని నిజంగా కోరేది ఏమిటంటే, మొదటిసారి వచ్చిన ప్రతి పేషెంటునూ పొట్ట గురించి అడగండి. విరేచనాలు, రక్తం పడటం, బరువు తగ్గడం, ఈ మధ్య వాడిన యాంటీబయాటిక్స్, ఇంట్లో ఎవరికైనా పేగు వాపు జబ్బు ఉందా అన్నది. పెయిన్ కిల్లర్లు నిజంగా ఎన్ని వేసుకుంటున్నామో, తిట్టకుండా అడగండి. తిడతారనే దాస్తాం. టైమ్ లేదంటే ఆ ప్రశ్నలు ఒక కాగితం మీద అచ్చేసి వెయిటింగ్ హాల్లో ఇవ్వండి. మేం అక్కడ రెండు గంటలు కూర్చునే ఉంటాం కదా, నింపి తెస్తాం. అనుమానం తగిలినవాళ్లను పేగు డాక్టరు దగ్గరికి పంపండి. పంపినప్పుడు ఎందుకు పంపుతున్నారో చీటీ మీద రాయండి. లేకపోతే ఆ డాక్టరు గ్యాస్ మాత్ర రాసి మమ్మల్ని ఇంటికి పంపేస్తారు.

మీ సంఘాలను కోరేది ఇంకొకటి. పేగుకీ కీలుకీ ఉన్న సంబంధం గురించి మాలాంటివాళ్లకి అర్థమయ్యే భాషలో రెండు పేజీలు రాసి అందరికీ అందుబాటులో పెట్టండి. ప్రొబయోటిక్స్‌తో, అంటే మేలు చేస్తాయని అమ్మే బ్యాక్టీరియాతో, ఈ జబ్బు పోతుందని రుజువు కాలేదని అందులో స్పష్టంగా రాయండి. మందులు ఆపొద్దని పెద్ద అక్షరాల్లో రాయండి. పీచు ఎక్కువున్న తిండి, పొగ మానడం, చిగుళ్లు బాగుచేయించుకోవడం నష్టం లేని పనులని రాయండి. పరిశోధనకు నమూనాలు కావాలంటే అడగండి. మలం ఇవ్వమంటే సిగ్గుపడతామనుకోకండి. పదకొండేళ్లుగా రక్తం ఇస్తున్నాం, అది కూడా ఇస్తాం. ముఖ్యంగా కొత్తగా జబ్బు తేలినవాళ్ల దగ్గర, మొదటి మాత్ర పడకముందే తీసుకోండి. ఒకసారి మందులు మొదలయ్యాక ఆ అవకాశం పోతుంది. నా విషయంలో పోయింది.

వచ్చే నెల పదిహేనున నా అపాయింట్‌మెంట్. ఈసారి ఒక తెల్ల కాగితం మీద ఆ ఏడాది సంగతంతా రాసుకుని వస్తున్నాను. ఏ నెలలో ఏ యాంటీబయాటిక్ వేసుకున్నాను, ఎన్ని రోజులు, పొట్ట ఎప్పుడు చెడింది, మొదట వాచిన వేలు ఏది. ఆ పాత చీటీలు ఒక కవర్లో దొరికాయి. దయచేసి దాన్ని నా ఫైల్లో పెట్టండి.

ఇట్లు,
11 ఏళ్లుగా మీ దగ్గర వైద్యం పొందుతున్న ఒక పేషెంటు